కాంటాక్ట్ ఫ్రేమ్ బిగిస్తే ప్రాసెసర్ నిజంగా చల్లబడుతుందా?

గుంటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా బాబాయి కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ప్రాసెసర్ చుట్టూ ఏదో ఫ్రేమ్ బిగిస్తే పది డిగ్రీలు తగ్గుతాయట. నిజమేనా? వేయించమంటావా?" వాడిది కోర్ ఐ7-12700కె ఉన్న అసెంబుల్డ్ పీసీ. రెండరింగ్, అంటే ఎడిట్ చేసినదాన్ని తుది వీడియోగా మార్చే పని, మొదలుపెట్టగానే ఉష్ణోగ్రత తొంభై దాటుతోంది. ఫ్యాన్ల మోతకు పక్క గదిలో పడుకున్న పిన్ని లేచి వస్తోంది.

అవుననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. ఆ ఫ్రేమ్ ఊరికే పుట్టిన వస్తువు కాదు, దాని వెనక నిజమైన లోపం ఒకటి ఉంది. కానీ దాని ఖాతాలో జనం వేస్తున్న పది డిగ్రీల్లో దాని సొంత సంపాదన ఎంత అన్నది వేరే ప్రశ్న.

అసలు వంగుతున్నది ఏమిటి

ప్రాసెసర్ అని మనం చేత్తో పట్టుకునేది చిప్ ఒక్కటే కాదు. అసలు చిప్ గోరంత సిలికాన్ ముక్క. అది ఒక పచ్చటి పలక మీద కూర్చుని ఉంటుంది, దాని పైన నికెల్ పూత పూసిన రాగి మూత ఉంటుంది. ఈ మూతను ఐహెచ్ఎస్ అంటారు. చిప్‌లో పుట్టిన వేడి మూతలోకి, మూత మీద రాసిన థర్మల్ పేస్ట్‌లోకి, అక్కడి నుంచి కూలర్ అడుగులోకి పోతుంది. మూత, కూలర్ అడుగు రెండూ ఎంత దగ్గరగా అతుక్కుంటే వేడి అంత తేలిగ్గా దాటుతుంది.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌ను పట్టి ఉంచేది సాకెట్ చుట్టూ ఉండే ఉక్కు చట్రం, దాని పక్కన లివర్. ఈ మొత్తాన్ని ఐఎల్ఎం అంటారు. లివర్ కిందికి నొక్కితే కరకరమని భయపెట్టే చప్పుడు చేస్తుందే, అదే. సాకెట్‌లోని పిన్నులు చిన్న చిన్న స్ప్రింగుల్లాంటివి. అవి ప్రాసెసర్‌ను పైకి తోస్తుంటాయి కాబట్టి పైనుంచి గట్టిగా అదిమి ఉంచాలి.

ఇంటెల్ చాలా ఏళ్లపాటు తన మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లను 37.5 మిల్లీమీటర్ల చదరంగా తయారు చేసింది. 2021 నవంబరులో వచ్చిన 12వ తరంతో, అంటే ఆల్డర్ లేక్‌తో, కొత్త సాకెట్ ఎల్‌జీఏ 1700 వచ్చింది. దాంతో ప్రాసెసర్ 45 × 37.5 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రమైంది. పేరులోనే ఉన్నట్టు పిన్నులు 1700. కానీ పైనుంచి అదిమేది మాత్రం రెండే చోట్ల, పొడుగు అంచుల నడుమ. పిన్నులు అంతటా పైకి తోస్తుంటాయి, చట్రం నడుమ మాత్రమే కిందికి నొక్కుతుంది. దాంతో పొడుగు వైపు రెండు చివరలూ కాస్త లేచి, మధ్య కాస్త దిగుతుంది.

ఏళ్ల తరబడి వాడిన దోసె పెనం గుర్తు తెచ్చుకోండి. చూడటానికి చదునుగానే ఉంటుంది, నూనె వేస్తే మాత్రం నడుమకు చేరుతుంది. దాని మీద చదునైన పళ్లెం బోర్లిస్తే అంచులు తగులుతాయి గానీ మధ్యలో సందు మిగులుతుంది. ఇక్కడా అంతే. సందు మైక్రాన్లలోనే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లోనే. కానీ చిప్ ఉండేది సరిగ్గా ఆ మధ్య భాగం కిందే, వేడి అంతా అక్కడే.

వాషర్లతో మొదలైంది

ఈ వంపు సంగతి 2022 ఆరంభంలో జర్మనీకి చెందిన ఇగోర్స్ ల్యాబ్ అనే హార్డ్‌వేర్ పరీక్షల సైట్ వల్ల అందరికీ తెలిసింది. వాళ్లు చూపిన చిట్కా చాలా చవకైనది. చట్రాన్ని విప్పి, దాని స్క్రూల దగ్గర ఒక మిల్లీమీటరు మందం ఉన్న వాషర్లు పెట్టి మళ్లీ బిగించడం. చట్రం ఆ మేరకు పైకి లేస్తుంది, నొక్కుడు తగ్గుతుంది, మూత అంతగా వంగదు. వాళ్ల పరీక్షలో దీనికే ఐదు డిగ్రీలకు పైగా తగ్గింది. సైకిల్ షాపులో దొరికేలాంటి వాషర్లతో!

అయితే నొక్కుడు మరీ తగ్గితే కొన్ని పిన్నులు ప్రాసెసర్‌కు సరిగా తగలవు. వాషర్లు పెట్టడం అంటే నొక్కుడును అంచనాగా తగ్గించడమే. అదే ఏడాది ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం మించి నడపడం) లోకంలో డెర్‌బావర్ పేరుతో తెలిసిన రోమన్ హార్టుంగ్, థర్మల్ గ్రిజ్లీ కంపెనీ కలిసి అల్యూమినియం ఫ్రేమ్ ఒకటి తెచ్చారు. వెంటనే థర్మల్‌రైట్ అందులో మూడో వంతు ధరకే తన ఫ్రేమ్ దించింది. అమెరికాలో అది పది డాలర్ల చుట్టుపక్కల దొరికేది. ఈ మాట ఇళ్లలోకి చేరింది ఆ ధర వల్లే అనుకుంటాను. ఖరీదైన ఫ్రేమ్ ఒక్కటే ఉండి ఉంటే ఇది రికార్డుల కోసం పోటీపడేవాళ్ల ముచ్చటగానే మిగిలేది.

ఫ్రేమ్ చేసే పని ఒక్కటే. ఇంటెల్ ఇచ్చిన లివర్ చట్రాన్ని పూర్తిగా తీసేసి, ఆ స్థానంలో నాలుగు స్క్రూలతో కూర్చుంటుంది. రెండు చోట్ల నొక్కే బదులు మూత అంచుల చుట్టూ నొక్కుతుంది. బరువు పంచుకుంటుంది కాబట్టి మూత చదునుగా నిలబడుతుంది. వేడిని తీసుకునే పని ఫ్రేమ్‌ది కాదు. అది అల్యూమినియంతో చేసినదైనా కూలర్‌లో భాగం కాదు. ఇది చాలామందికి తెలియని విషయం. ఫ్రేమ్ చల్లబరచదు, కూలర్‌ను సరిగా ఆనుకోనిస్తుంది.

ఆరు డిగ్రీలా, ఒకటిన్నరా? కాగితం మీద లెక్క

పరీక్షల్లో ఒకరికి ఏడు డిగ్రీలు, ఇంకొకరికి రెండు, మరొకరికి ఏమీ లేదు. అందరూ నిజమే చెబుతున్నారనుకుంటే ఇది ఎలా సాధ్యం? చిన్న లెక్క వేస్తే సగం చిక్కు విడిపోతుంది.

రాగి వేడిని ఎంత బాగా దాటిస్తుందో చెప్పే అంకె సుమారు 400. ఓ మోస్తరు థర్మల్ పేస్ట్‌కు 5 అనుకుందాం. గాలికి 0.026. కాబట్టి సందులో గాలి ఉండటం కంటే పేస్ట్ ఉండటం ఎంతో మేలు, కానీ రాగితో పోలిస్తే పేస్ట్ కూడా అడ్డుగోడే. ఆ గోడ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.

ఇప్పుడు మూత వంగడం వల్ల నడుమ పేస్ట్ పొర 50 మైక్రాన్లు అదనంగా మందమైందనుకుందాం. తల వెంట్రుక కంటే సన్నం. వేడి ఎక్కువగా దాటే చోటు రెండు సెంటీమీటర్ల చదరం, అంటే 400 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం. ఈ మూడు అంకెలతో లెక్క కడితే, దాటే ప్రతి వాట్‌కూ 0.025 డిగ్రీల అదనపు భారం పడుతుంది. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న కొలతలు. ఒక్కో ప్రాసెసర్‌లో ఒక్కో రకంగా ఉంటాయి. కానీ లెక్క నడిచే తీరు ఇదే.

పూర్తి లోడ్‌లో 241 వాట్లు లాగే ఐ9-12900కెలో ఆ భారం ఆరు డిగ్రీలు. మా తమ్ముడి 12700కెలో గరిష్ఠంగా 190 వాట్లు, కాబట్టి ఐదు డిగ్రీల లోపు. మామూలు ఐ5-12400 తన గరిష్ఠమైన 117 వాట్లు లాగినా మూడుకు చేరదు. అదే ప్రాసెసర్ మీద గేమ్ ఆడుతూ 60 వాట్ల దగ్గర ఉంటే ఒకటిన్నర. ఇక బ్రౌజర్, ఎక్సెల్, టాలీ వాడకంలో తేడా కనిపించనే కనిపించదు.

ఫ్రేమ్ తీసేయగలిగేది ఈ అదనపు భారాన్నే, అదీ మహా అయితే మొత్తంగా. అందుకే ఐ9 పెట్టుకుని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నడిపేవాడు ఫ్రేమ్‌ను ఆకాశానికెత్తుతాడు, ఐ5 పెట్టుకుని క్రికెట్ గేమ్ ఆడేవాడు డబ్బు దండగ అంటాడు. ఇద్దరూ తమ తమ వాట్ల గురించి మాట్లాడుతున్నారు.

స్క్రీన్ మీద అంకె మారకపోయినా లాభం ఉండొచ్చు

ఇంకో చిక్కుంది. ఈ ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీలు తాకగానే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అప్పటికే 100 దగ్గర తచ్చాడుతున్న మెషీన్‌కు ఫ్రేమ్ వేస్తే, తర్వాత కూడా 100 అనే చూపించవచ్చు. "పైసా ఉపయోగం లేదు" అనిపిస్తుంది. కానీ అదే 100 దగ్గర ప్రాసెసర్ ఇప్పుడు ఎక్కువ వాట్లు వాడుకుంటూ, ఎక్కువ వేగంతో నడుస్తూ ఉండవచ్చు. చూడాల్సింది ఉష్ణోగ్రత కాదు, రెండర్ ఎన్ని నిమిషాల్లో అయిందన్నది.

దీన్ని కూడా అంకెల్లో చూద్దాం, ఎందుకంటే మన ఎండల సంగతి ఇక్కడే తేలుతుంది. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. ఒక కూలర్ 230 వాట్ల దగ్గర ప్రాసెసర్‌ను సరిగ్గా 100 డిగ్రీల వద్ద నిలబెడుతోంది. అంటే 70 డిగ్రీల తేడాతో 230 వాట్లు బయటికి పోతున్నాయి, వాట్‌కు సుమారు 0.304 డిగ్రీలు. ఫ్రేమ్ వేసి అందులోంచి 0.025 తీసేస్తే అదే 100 డిగ్రీల దగ్గర 250 వాట్లు పోతాయి. ఇరవై వాట్ల లాభం.

ఇప్పుడు ఏసీ లేని మే నెల మధ్యాహ్నం, గది 38 డిగ్రీలు. ఫ్రేమ్ లేకుండా ఆ కూలర్ 204 వాట్లే లాగగలదు. ఫ్రేమ్‌తో 222. అంటే గది వేడి 26 వాట్లు తినేస్తే, ఫ్రేమ్ అందులో 18 తిరిగి తెచ్చిపెట్టింది. ఫ్రేమ్ వేసుకున్న విజయవాడ మెషీన్, ఫ్రేమ్ లేకుండా ఏసీ గదిలో ఉన్న మెషీన్ కంటే వెనకే ఉంటుంది. యూట్యూబ్‌లో పరీక్షలు చేసేవాళ్లలో చాలామంది ఇరవై పైచిలుకు డిగ్రీల ఏసీ గదుల్లో కూర్చుని చేస్తారు. వాళ్ల అంకెలు చూసి మనం దిగులు పడాల్సిన పని లేదు, అలాగే ఒక ఫ్రేమ్‌తో వాళ్ల అంకెలు వస్తాయని ఆశపడాల్సిన పనీ లేదు.

పది డిగ్రీల కథలు ఎక్కడి నుంచి వస్తాయి

ఫ్రేమ్ బిగించాలంటే కూలర్ తీయాలి. తీస్తే పాత పేస్ట్ తుడవాలి, కొత్తది రాయాలి. రెండు మూడేళ్లుగా ఎండి, బీటలు వారిన పేస్ట్ పోయి తాజా పేస్ట్ వస్తుంది. ఎలాగూ విప్పాం కదా అని కూలర్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము దులుపుతాం. ఫ్యాన్ తుడుస్తాం. అన్నీ అయ్యాక ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే ఆ ఘనత ఎవరిది? కొత్తగా కొన్న వస్తువుదే అనిపిస్తుంది, డబ్బు పెట్టింది దానికే కాబట్టి.

అంతెందుకు, ఏమీ మార్చకుండా కూలర్‌ను ఒకసారి తీసి, తాజాగా పేస్ట్ రాసి మళ్లీ పెట్టినా డిగ్రీ రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. పేస్ట్ పరుచుకున్న తీరు, స్క్రూల బిగువు ప్రతిసారీ ఒకేలా ఉండవు. కాబట్టి జాగ్రత్తగా పరీక్షించేవాళ్లు ఒకే పేస్ట్‌తో, ఒకే గది ఉష్ణోగ్రతలో, ఫ్రేమ్ ఉండి కొన్నిసార్లు, లేకుండా కొన్నిసార్లు బిగించి సగటు తీస్తారు. అలా చేసినవాళ్ల దగ్గర పదులు అరుదు. గట్టిగా వాట్లు లాగే కె రకం (పేరు చివర కె ఉన్న) ప్రాసెసర్ల మీద కూడా ఒక చేతి వేళ్లతో లెక్కపెట్టగలిగేంత తేడానే ఎక్కువగా కనిపిస్తుంది.

పూర్తిగా న్యాయంగా చెప్పాలంటే పెద్ద తేడాలు చూసినవాళ్లంతా పొరబడ్డారని కూడా అనలేం. లివర్ చట్రాలు ఒకే కంపెనీ చేసేవి కావు. బోర్డును బట్టి నొక్కుడు మారుతుంది, ప్రాసెసర్ మూత చదును కూడా ముక్క ముక్కకూ మారుతుంది. బాగా వంగిన మెషీన్ ఎవరికి దొరికిందో వాళ్లకు ఫ్రేమ్ ఎక్కువ తిరిగిస్తుంది.

కూలర్ అడుగు చదునుగా ఉంటుందని ఎవరన్నారు?

ఇప్పటిదాకా మూత వంపు గురించే మాట్లాడుకున్నాం, కూలర్ అడుగు బల్లపరుపుగా ఉంటుందని అనుకుంటూ. నిజానికి చాలా కూలర్ల అడుగు నడుమ కొద్దిగా ఉబ్బి ఉంటుంది, కావాలనే. దిగిన మూతలోకి ఉబ్బిన అడుగు చక్కగా కూర్చుంటుంది.

దీనికి తేటతెల్లమైన సాక్ష్యం నోక్టువా 2024లో తెచ్చిన ఎన్‌హెచ్-డీ15 జీ2. అదే కూలర్‌ను వాళ్లు మూడు రకాల అడుగులతో అమ్ముతున్నారు. మామూలుది ఒకటి. ఎక్కువ ఉబ్బున్నది హెచ్‌బీసీ, ఇది లివర్ చట్రం పూర్తి బిగువుతో ఉన్న ఎల్‌జీఏ 1700 కోసం. తక్కువ ఉబ్బున్నది ఎల్‌బీసీ, ఇది ఇంటెల్ పోటీదారు ఏఎండీ వాళ్ల ఏఎమ్5 సాకెట్ కోసం, ఇంకా కాంటాక్ట్ ఫ్రేమో వాషర్లో వేసి మూతను చదును చేసుకున్న ఇంటెల్ వాళ్ల కోసం. వంపును సరిచేయడానికి రెండు దారులున్నాయని ఒక కూలర్ కంపెనీయే ఒప్పుకున్నట్టు. మూతను చదును చేయొచ్చు, లేదా వంపుకు తగ్గ కూలర్ పెట్టొచ్చు. రెండూ ఒకేసారి చేస్తే ఈసారి నడుమ తగిలి అంచుల్లో సందు వస్తుంది. ఫ్రేమ్ వేసినా ఏమీ తగ్గలేదనేవాళ్లలో కొందరి సంగతి ఇదే కావచ్చు.

ఇంటెల్ ఏమంటుంది, షాపువాళ్లు ఎందుకు జంకుతారు

12వ తరం వంపు మీద గోల మొదలైనప్పుడు 2022లో ఇంటెల్ ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. సాకెట్‌లో పెట్టాక మూత కొద్దిగా వంగడం మామూలే, దాని వల్ల ప్రాసెసర్ నిర్దేశిత పరిమితులు దాటదు, చట్రానికి మార్పులు చేస్తే మాత్రం పరిమితులు దాటినట్టే, వారంటీ పోవచ్చు అన్నది దాని సారాంశం. ఔత్సాహికులు దీన్ని మొండితనం అన్నారు. నాకు మాత్రం రెండు పక్షాలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాయనిపిస్తుంది. "పాడవుతుందా?" అన్నది ఇంటెల్ ప్రశ్న. "ఇంకా చల్లగా ఉండొచ్చు కదా?" అన్నది వాళ్లది.

వారంటీ మాట కాగితం మీద బెదిరింపు మాత్రమే కాదు. 13, 14 తరాల కోర్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజి వల్ల క్రమంగా దెబ్బతిని క్రాష్ అవుతున్నాయని 2024లో బయటపడింది. ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చి, ఆ ప్రాసెసర్లకు వారంటీ మరో రెండేళ్లు పెంచింది. అలాంటి సమయంలో సాకెట్‌కు చేతులు పెట్టకుండా ఉన్నవాళ్లకే మనశ్శాంతి. (ఆ సమస్యకు ఫ్రేమ్ మందు అని కూడా ప్రచారం నడిచింది. కాదు. అది వోల్టేజి గొడవ, వంపు గొడవ కాదు.)

ఇక చేతిపని. సికింద్రాబాద్ సీటీసీలో ఏ షాపులో అడిగినా ప్రాసెసర్ పెట్టడం రెండు నిమిషాల పని. ఫ్రేమ్ బిగించడం అలాంటిది కాదు. లివర్ చట్రం తీసేశాక సాకెట్ పిన్నులకు రక్షణ ఉండదు. చేతిలోంచి స్క్రూ జారి పడినా, ప్రాసెసర్ ఒక మూల నుంచి జారినా పిన్నులు వంగుతాయి, వంగిన పిన్నులకు వారంటీ ఇప్పించుకోవడం చాలా కష్టం. రెండో తిప్పలు స్క్రూల బిగువు. లివర్‌లో బిగువు ఫ్యాక్టరీయే నిర్ణయిస్తుంది, ఫ్రేమ్‌లో నిర్ణయించేది మన మణికట్టు. ఒక వైపు ఎక్కువ బిగిస్తే కొన్ని పిన్నులు సరిగా తగలక రెండు ర్యామ్ స్టిక్స్‌లో ఒకటే కనిపించవచ్చు, లేదా కంప్యూటర్ అసలు లేవకపోవచ్చు. ర్యామ్ పోయిందనుకుని కొత్తది కొని, తర్వాత స్క్రూను పావు వంతు వదులు చేస్తే పాతదే పనిచేయడం చూసి నాలుక కరుచుకున్నవాళ్లున్నారు.

ఏఎండీలో పేరు అదే, పని వేరు

2022 సెప్టెంబరులో రైజెన్ 7000తో ఏఎండీ ఏఎమ్5 సాకెట్‌కు మారింది. అక్కడ ప్రాసెసర్ చదరంగా ఉంటుంది, మూత మందంగా ఉంటుంది, ఎల్‌జీఏ 1700లో లాంటి వంపు గొడవ లేదు. అయినా ఏఎమ్5కు ఫ్రేములు అమ్ముతారు. ఎందుకంటే ఆ మూత ఎండ్రకాయ కాళ్లలా ఎనిమిది చోట్ల దిగి ఉంటుంది, కాళ్ల సందుల్లో చిన్న చిన్న కెపాసిటర్లు కనిపిస్తుంటాయి. పేస్ట్ ఎక్కువైతే ఆ సందుల్లోకి కారుతుంది. మామూలు పేస్ట్ కరెంటును ప్రసరింపజేయదు కాబట్టి ప్రమాదం లేదు, తుడవడమే నరకం. అక్కడ ఫ్రేమ్ ఆ సందులను కప్పే అడ్డుకట్ట. చల్లదనం కోసం ఏఎమ్5 ఫ్రేమ్ కొనడంలో పెద్ద అర్థం లేదు. ఏఎమ్5లో చిప్‌లెట్లు (చిన్న చిన్న చిప్ ముక్కలు) మూత నడుమ కాక ఒక వైపున ఉంటాయి కాబట్టి, కూలర్‌ను కొన్ని మిల్లీమీటర్లు ఆ వైపు జరిపే పట్టీలు నోక్టువా లాంటివాళ్లు ఇస్తున్నారు. వాటితో ఒకటి నుంచి మూడు డిగ్రీల లాభం ఉంటుందని వాళ్లే చెబుతున్నారు.

ఇంటెల్ వైపు కూడా కథ ముందుకు నడిచింది. 2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200ఎస్‌తో వచ్చిన ఎల్‌జీఏ 1851 సాకెట్‌కు రెండు రకాల చట్రాలు పెట్టుకునే వీలు కల్పించింది. పాతదాని లాంటిది ఒకటి, నొక్కుడు తగ్గించిన ఆర్ఎల్-ఐఎల్ఎం మరొకటి. రెండోది ఖరీదైన బోర్డుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. వంపు సమస్యే కాదన్న కంపెనీ వంపు తగ్గించే చట్రం తెచ్చిందంటే ఎవరు గెలిచారో మీరే అనుకోండి. ఆ బోర్డు ఉన్నవాళ్లకు బయటి ఫ్రేమ్‌తో మిగిలే లాభం చాలా తక్కువ.

మరి 12700కె సంగతి?

మా తమ్ముడి మెషీన్ ఈ లెక్కల్లో ఎటూ తేలని మధ్య రకం. కె రకం ప్రాసెసర్, గంటల తరబడి పూర్తి లోడ్, ఎల్‌జీఏ 1700 సాకెట్. ఫ్రేమ్ ఎవరికైనా పనికొస్తుందంటే ఇలాంటివాడికే. అయితే వాడి బోర్డు బయాస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, పవర్ లిమిట్ ఎత్తేసి ఉందని ఫోన్‌లోనే తేలింది. 190 వాట్ల దగ్గర ఆగాల్సింది ఇంకా పైకి పోతోంది. ఆ చివరి వాట్లు వేడిని పెంచినంతగా వేగాన్ని పెంచవు. పైగా పేస్ట్ కొన్నప్పటిది, టవర్ టేబుల్ కింద తలుపున్న అరలో ఉంది.

అర తలుపు తీసేసి, పవర్ లిమిట్ 190కి దించి, పేస్ట్ మార్చి, అవే క్లిప్పులు అదే గదిలో రెండర్ చేసి నిమిషాలు రాసుకోమన్నాను. ఫ్రేమ్ కొనాలా వద్దా అన్నది ఆ కాగితం చూశాక చెబుతానన్నాను. ఇంకా ఫోన్ రాలేదు, ముహూర్తాల సీజన్ కదా.